ఎవరు బయట ఉండిపోయారు?

(ఆచార్య జి. రామ్‌రెడ్డి స్మారకోపన్యాసం)

 వెనక నిలబడ్డ విద్యార్థులు దయచేసి ఇటు రండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ సాయంత్రం చెప్పబోయేదంతా మీ గురించే కాబట్టి మీరు ముందుండడమే న్యాయం.

గడ్డం రామ్‌రెడ్డి గారు 1929లో కరీంనగర్ జిల్లా మైలారంలో పుట్టారు. ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం, ప్రభుత్వ పాలనాశాస్త్రం చెప్పారు. పంచాయతీరాజ్ మీద ఆయన చేసిన పరిశీలన ఆ రంగంలో అడుగుపెట్టినవాళ్లంతా చదవాల్సిందే. 1977 నుంచి 1982 దాకా ఉస్మానియా వైస్ చాన్సలర్. 1982లో దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో మొదలైతే దానికి తొలి వైస్ చాన్సలర్ ఆయనే. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుడితే దానికీ ఆయనే. తరవాత యూజీసీ అధ్యక్షులయ్యారు. 1995లో కన్నుమూశారు.

ఈ వివరాలు మీలో చాలామందికి తెలిసినవే. నన్ను ఆలోచింపజేసేది వాటి మధ్య ఉన్న దారి. గ్రామ పంచాయతీల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి, అరవై ఏళ్లు దాటిన ఒక గొప్ప విశ్వవిద్యాలయానికి అధిపతిగా ఉండి, దాన్ని వదిలి, తరగతి గదులే లేని ఒక సంస్థను కట్టడానికి ఎందుకు వెళ్లారు? నాకు అర్థమైనంతలో ఆయన రెండు చోట్లా అడిగింది ఒకటే ప్రశ్న. అధికారం ఎవరిదాకా చేరడం లేదని పంచాయతీల దగ్గర అడిగారు. చదువు ఎవరిదాకా చేరడం లేదని విశ్వవిద్యాలయం దగ్గర అడిగారు.

ఈ రోజు నేను మీ ముందు పెట్టదలచుకున్న వాదం కూడా అక్కడి నుంచే వస్తుంది. ఉన్నత విద్యలో ఒక కొత్త రకం సంస్థ పుట్టిందంటే, అప్పటిదాకా ఉన్న సంస్థల్లో చోటు దొరకనివాళ్లు ఎవరో ఉన్నారన్నమాట. ఆ మనుషుల కోసమే అది పుట్టింది. వాళ్లను మరిచిపోతే సంస్థకు పేరు మిగులుతుంది గానీ ఆ రకం పోతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ రెండూ జరిగాయి. కొత్త రకాలు పుట్టడమూ చూశాం, అవన్నీ మళ్లీ ఒకే రకంగా మారిపోవడమూ చూస్తున్నాం.

1

మొదలు మద్రాసు దగ్గర పెట్టాలి. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడ్డాయి. లండన్ అప్పట్లో ప్రధానంగా పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ. మద్రాసు కూడా అదే పని చేసింది. పాఠం చెప్పడం కళాశాలల వంతు, పాఠ్యప్రణాళిక రాసి పరీక్ష పెట్టడం విశ్వవిద్యాలయం వంతు. మనం ఇవాళ అనుబంధ కళాశాలల వ్యవస్థ అంటున్నది ఇదే.

ఈ వ్యవస్థ కింద ఎన్ని రకాల కళాశాలలు ఉన్నాయో చూడండి. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన పాఠశాల నుంచి ఎదిగిన నోబుల్ కాలేజీ మిషనరీలది. విజయనగరం మహారాజా కళాశాల, కాకినాడ పిఠాపురం రాజా కళాశాల జమీందార్ల ఆదరణతో నడిచినవి. రాజమండ్రిది ప్రభుత్వ కళాశాల. హైదరాబాదులో 1887లో మొదలైన నిజాం కాలేజీ ఉన్నది నిజాం రాజ్యంలో, అయినా 1947 దాకా అనుబంధంగా ఉన్నది మద్రాసు విశ్వవిద్యాలయానికి. పోషకులు వేరు, ఊళ్లు వేరు, రాజ్యాలే వేరు. విద్యార్థి రాసే పరీక్ష మాత్రం ఒకటే. ఆ పరీక్ష ఇంగ్లీషులో, ఆ చదువు చాలావరకు సర్కారు కొలువుకో వకీలు వృత్తికో పనికొచ్చేది.

నేను ఆ కళాశాలలను చిన్నబుచ్చడం లేదు. మన సంస్కర్తలు, మన తొలితరం శాస్త్రవేత్తలు, మన పత్రికా సంపాదకులు చాలామంది అక్కడి నుంచే వచ్చారు. చెప్పదలచుకున్నది ఇంతే: యాజమాన్యాలు ఎన్నయినా సంస్థ రకం ఒక్కటే కావచ్చు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే తరవాతి మాట సులువుగా అందుతుంది.

2

ఆ అచ్చులోంచి బయటికి వచ్చిన తొలి ప్రయత్నం కూడా బందరులోనే జరిగింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. సర్కారు గుర్తింపు వద్దనుకున్నారు, సర్కారు పరీక్ష వద్దనుకున్నారు. చదువుతోపాటు చేతిపనులు, చిత్రకళ నేర్పారు. ప్రమోద్‌కుమార్ చటోపాధ్యాయ దగ్గర అక్కడ బొమ్మలు నేర్చుకున్న అడవి బాపిరాజు గారు తరవాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. చేత్తో పనిచేయడమూ చదువేనని నమ్మిన ఆ కళాశాల కూడా చివరికి విశ్వవిద్యాలయానికి అనుబంధమైన డిగ్రీ కళాశాలగా మారింది. ఈ మలుపు గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

1918లో ఏర్పడిన ఉస్మానియా ఇంకా పెద్ద సాహసం. ఆధునిక విజ్ఞానాన్ని ఒక భారతీయ భాషలో పట్టభద్ర స్థాయి దాకా చెప్పవచ్చని అది నిరూపించింది. వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పింది. అందుకోసం అనువాద సంస్థను పెట్టి వందల గ్రంథాలు తర్జుమా చేయించింది. ఇంగ్లీషు రాక బయట ఉండిపోయినవాళ్లకు అది తలుపు తీసింది. అయితే ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇళ్లలో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్లకు ఆ తలుపు సగమే తెరుచుకుంది. 1938లో వందేమాతరం పాడినందుకు వెళ్లగొట్టిన విద్యార్థులను నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకుంది. వాళ్లలో ఒకరు పి.వి. నరసింహారావు గారు. ఒక తలుపు మూసుకున్నప్పుడు ఇంకో రకం తలుపు ఎక్కడో ఒకచోట ఉండాలి. వైవిధ్యం అవసరమని నేననేది అలంకారం కోసం కాదు. అది లేకపోతే మనుషుల జీవితాలే ఆగిపోతాయి.

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం గురించి ఇక్కడ వివరంగా చెప్పను, దాని చరిత్ర అందరికీ పరిచితమే. ఒక్క సంగతి. దానికి 1931 నుంచి 1936 దాకా వైస్ చాన్సలర్‌గా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారే 1948లో స్వతంత్ర భారతంలోని తొలి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షులు. ఆ కమిషన్ గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలని సిఫారసు చేసింది. ఆక్స్‌ఫర్డులో తత్వశాస్త్రం బోధించిన మనిషి పల్లెకు వేరే రకం విశ్వవిద్యాలయం కావాలన్నారు. ఆ మాటకు రావలసినంత మన్నన రాలేదు.

3

గ్రామీణ విశ్వవిద్యాలయాలు పెద్దగా రాలేదు గానీ దానికి దగ్గరగా ఒకటి వచ్చింది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో ఏర్పడింది. దీని దగ్గర కాసేపు ఆగుతాను. వ్యవసాయ విద్య తెలిసిన పెద్దలు సభలో ఉన్నారు, నేను తప్పితే సరిదిద్దండి.

అంతకు ముందు వ్యవసాయ కళాశాలలు లేవని కాదు. బాపట్ల కళాశాల 1945 నాటిది. కానీ పాఠం కళాశాలలో, పరిశోధన వ్యవసాయ శాఖ క్షేత్రాల్లో, రైతుకు చెప్పడం మూడో చోట, వేరే ఉద్యోగుల చేతుల్లో ఉండేది. పాఠం చెప్పేవాడు పరిశోధన క్షేత్రంలో అడుగుపెట్టడు, పరిశోధన చేసేవాడికి విద్యార్థి కనబడడు, ఇద్దరికీ రైతు కనబడడు. అమెరికాలో 1862 నాటి మోరిల్ చట్టం కింద వచ్చిన ల్యాండ్ గ్రాంట్ కళాశాలలు క్రమంగా ఈ మూడింటినీ ఒక్క చోటికి తెచ్చాయి. ఆ నమూనాను ఇక్కడ నాటడానికి కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం సాయపడింది. బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే సంస్థ బాధ్యత అయ్యాయి. పరిశోధన స్థానాలు శాఖ నుంచి విశ్వవిద్యాలయం చేతికి వచ్చాయి.

ఫలితం ఏమిటో మీ ఇంట్లోనే ఉంది. పశ్చిమ గోదావరి మారుటేరు పరిశోధన స్థానం నుంచి 1982లో స్వర్ణ వచ్చింది, అదే ఎంటీయూ 7029. బాపట్ల నుంచి 1986లో సాంబ మసూరి వచ్చింది, బీపీటీ 5204. మనం బీపీటీ బియ్యం అని కొనుక్కునేది అదే. ఈ రెండు వంగడాలూ మన రాష్ట్రాలు దాటి తూర్పు భారతమంతా పాకాయి. కోట్ల ఎకరాల్లో పండాయి, కోట్ల మంది తిన్నారు. ఏ విశ్వవిద్యాలయ ర్యాంకుల పట్టికలో ఈ పని ఏ గడిలో వేస్తారో నాకు చెప్పండి. పరిశోధన పత్రాల లెక్కలో వేస్తే అది కొద్ది పేజీల పని అవుతుంది.

ఆ విశ్వవిద్యాలయం విద్యార్థి నాలుగో ఏడు పల్లెలో రైతు ఇంటి పక్కన ఉండి పనిచేయాలి. జిల్లాల్లో ఏరువాక కేంద్రాల శాస్త్రవేత్తలు పొలం గట్టు మీద నిలబడి తెగులు చూసి మందు చెబుతారు. అధ్యాపకుడి పనిలో అదొక భాగం. మామూలు విశ్వవిద్యాలయంలో అది సేవ, ఖాళీ ఉంటే చేసేది. ఇక్కడ అది కొలువు. సంస్థల రకం మారిందని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి గుర్తు తెలియదు: అధ్యాపకుడు రోజూ పొద్దున లేచి ఏం చేయడానికి బయల్దేరతాడు అన్నది మారాలి. పేరు, భవనం, చట్టం మారితే చాలదు.

4

ఇక రామ్‌రెడ్డి గారి సంస్థ. భవనం వెంకట్రామ్ గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. 1991 నుంచి దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1969లోనే మొదలైంది. ఆ నమూనా చూసి వచ్చినవాళ్లు దేశంలో ఇంకొందరు కూడా ఉన్నారు. దాన్ని తెలుగు నేలకు సరిపోయేలా మలచినవారు రామ్‌రెడ్డి గారు.

ఆయన చేసిన మార్పులు మూడు. ఇంటర్ పాసు కాకపోయినా పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్నారు. పాఠాలు తెలుగులో రాయించారు, అదీ ఎవరో ఒక్కరు రాసి పంపేది కాకుండా విషయ నిపుణులు, భాషా సంపాదకులు కలిసి కూర్చుని తయారుచేసేలా. మూడోది, పంచాయతీరాజ్ చదివిన మనిషి బుర్రలోనే పుట్టగలిగేది. కొత్త భవనాలు కట్టకుండా ఊళ్లలో ఉన్న కళాశాలలనే అధ్యయన కేంద్రాలు చేశారు. వారమంతా మామూలు విద్యార్థులు కూర్చునే బల్లల మీద ఆదివారం వేరే మనుషులు వచ్చి కూర్చున్నారు.

ఆ ఆదివారాల్లో నేనూ పాఠం చెప్పాను కాబట్టి ఒక్క మాట చెప్పనివ్వండి. నా తరగతిలో ఆర్టీసీ కండక్టర్లు ఉండేవారు, ఆస్పత్రి నర్సులు, హోంగార్డులు, అంగన్‌వాడీ టీచర్లు, పెళ్లయి చదువు ఆగిపోయిన తల్లులు ఉండేవారు. తొంభైల్లో ఒకసారి స్థానిక స్వపరిపాలన పాఠం. గ్రామసభ ఎప్పుడు జరగాలి, ఎవరు పిలవాలి అని పుస్తకంలో ఉన్నది చెబుతున్నాను. వార్డు మెంబరుగా గెలిచిన ఒక అమ్మ లేచి, ‘సార్, మా ఊళ్లో సభ జరగదు, సంతకాల పుస్తకం మా ఇంటికి వస్తుంది, సంతకం పెట్టను అంటే ఏ రూలు చూపించాలో చెప్పండి’ అంది. తరగతి మొత్తం ఆ ప్రశ్న చుట్టూ తిరిగింది. మరో ఇద్దరు తమ ఊళ్ల సంగతులు చెప్పారు. సోమవారం అదే గదిలో అదే పాఠం పద్దెనిమిదేళ్ల పిల్లలకు చెబితే వాళ్లు నోట్సు రాసుకున్నారు.

ఏది మెరుగైన తరగతి అని నేను తేల్చడం లేదు. ఆ పద్దెనిమిదేళ్ల పిల్లలకు నోట్సు కావాలి, వాళ్లకు ఇంకా ఊరి అధికారం తెలియదు. ఆ అమ్మకు రూలు కావాలి. ఇద్దరికీ ఒకే గంట, ఒకే పుస్తకం, ఒకే పరీక్ష పెట్టి దాన్ని సమానత్వం అనడం తప్పు. రామ్‌రెడ్డి గారు ఆ తప్పు చేయలేదు. ఆయన సంపాదకత్వంలో 1988లో వచ్చిన ‘ఓపెన్ యూనివర్సిటీస్: ది ఐవరీ టవర్స్ థ్రోన్ ఓపెన్’ అన్న పుస్తకం పేరే చాలు, ఆయన దేన్ని తెరవాలనుకున్నారో తెలుస్తుంది.

తరవాత ఇదే బాటలో మరికొన్ని వచ్చాయి, వాటి పేర్లు మాత్రం చెప్పి సాగుతాను. 1983లో తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు, పదో తరగతి కాగానే ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు వెయిటేజీ ఇచ్చి ఆరేళ్లు అక్కడే ఉంచి చదివించేవి. తెలంగాణలో 2016 నుంచి సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలు. ఆ కళాశాలల్లో చదివే ఆడపిల్లల్లో చాలామంది ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. విజయనగరంలో, ములుగులో గిరిజన విశ్వవిద్యాలయాలు. వీటిలో ప్రతిదాని వెనకా బయట ఉండిపోయిన ఒక సమూహం ఉంది.

5

మరి ఇన్ని రకాలు ఉంటే నా బెంగ దేనికి?

అంకెలు చూడండి. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 1,168 విశ్వవిద్యాలయాలు, 45,473 కళాశాలలు ఉన్నాయి. పద్దెనిమిది నుంచి ఇరవై మూడేళ్ల మధ్య వయసువాళ్లు లక్షమందికి దేశ సగటు 30 కళాశాలలైతే, తెలంగాణలో 52, ఆంధ్రప్రదేశ్‌లో 49. కొరత సంఖ్యలో లేదు. ఆ కళాశాలల్లోకి వెళ్లి చూస్తే చాలా చోట్ల అవే మూడు నాలుగు కోర్సులు, అదే సిలబస్, అదే ప్రశ్నపత్రం.

సాంకేతిక విశ్వవిద్యాలయం కథ దీనికి తగిన ఉదాహరణ. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు కాకినాడ, అనంతపురం, హైదరాబాద్ ఇంజనీరింగ్ కళాశాలలతోపాటు హైదరాబాదులోని లలితకళల, వాస్తుశిల్ప కళాశాల కూడా అందులో భాగం. యంత్రం చేసేవాడు, ఇల్లు గీసేవాడు, బొమ్మ వేసేవాడు ఒక్క గొడుగు కింద. ఎంత అందమైన ఊహ! ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు వందల కొద్దీ వచ్చేసరికి ఆ విశ్వవిద్యాలయం వాటికి అనుబంధం ఇచ్చి, పరీక్షలు పెట్టి, ఫలితాలు ప్రకటించే పనిలో మునిగిపోయింది. 2008లో దాన్ని నాలుగుగా విడదీశారు, లలితకళలు వేరుపడ్డాయి. 1857 నాటి మద్రాసు నమూనా మళ్లీ వచ్చింది, ఈసారి ఇంజనీరింగ్ రూపంలో. ఆ కళాశాలల నుంచి అమెరికా దాకా వెళ్లి నిలబడ్డ మన పిల్లల కష్టాన్ని నేను తక్కువ చేయను. వాళ్లకు మరో రకం చదువు కనబడేంత దూరంలో లేదన్నదే నా బాధ.

ఇది మన ఒక్కళ్ల లోపం కాదు. బ్రిటన్‌లో 1965లో ఆంథొనీ క్రాస్‌లాండ్ విశ్వవిద్యాలయాలకు సమాంతరంగా పాలిటెక్నిక్కులు ఉండాలన్నారు. పనిచేసుకుంటూ సాయంత్రం చదివేవాళ్ల కోసం, స్థానిక పరిశ్రమ కోసం. ముప్ఫయికి పైగా వచ్చాయి, బాగా పనిచేశాయి. 1992లో చట్టం మార్చి వాటన్నిటినీ విశ్వవిద్యాలయాలన్నారు. హోదా పెరిగింది. ఆ తరవాత అవి పాత విశ్వవిద్యాలయాలతో ఒకే పోటీలో దిగి ఒకే కొలతకు నిలబడాల్సి వచ్చింది, ఆ పోటీలో ఎక్కువ సార్లు వెనకే ఉన్నాయి. పైనున్నదాన్ని చూసి దానిలా కావాలనుకోవడం సంస్థల సహజ గుణం. ప్రభుత్వాలు ఆ కోరికకు పగ్గం వేయాలి, మనం దానికి బహుమానాలిస్తున్నాం.

అధ్యాపకుల విషయంలో ఇది మరీ స్పష్టంగా కనబడుతుంది. 2010 నాటి యూజీసీ నిబంధనలు పదోన్నతికి పాయింట్ల లెక్క పెట్టాయి, అందులో పరిశోధన పత్రాలకూ వాటా ఉంది. వారానికి పదహారు గంటలు పాఠం చెప్పే చిన్న ఊరి డిగ్రీ కళాశాల లెక్చరర్‌కు ప్రయోగశాల లేదు, గ్రంథాలయంలో జర్నల్ లేదు. ఆయన ఏం చేస్తాడు? డబ్బు కట్టించుకుని అచ్చువేసే పత్రికలు దేశమంతా పుట్టుకొచ్చాయి. 2018 నిబంధనలు కళాశాల అధ్యాపకులకు ఆ పట్టు కొంత సడలించాయి, అది మంచి పని. కానీ మంచి పాఠం చెప్పడం ఒక వృత్తి నైపుణ్యమని, దానికి దానిదైన పదోన్నతి మెట్లు ఉండాలని మన వ్యవస్థ ఇప్పటికీ మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. సభలో ఉన్న డిగ్రీ కళాశాల అధ్యాపకులారా, మీ పని పరిశోధన కంటే తక్కువదని ఎవరైనా అంటే నమ్మకండి.

6

ఇప్పుడు 2020 జాతీయ విద్యా విధానం. దానిలో నాకు నచ్చినవి ఉన్నాయి. పరిశోధన ప్రధానమైన విశ్వవిద్యాలయాలు, బోధన ప్రధానమైన విశ్వవిద్యాలయాలు, తామే పట్టాలిచ్చే స్వయంప్రతిపత్తి కళాశాలలు అని రకాలను అది పేరు పెట్టి గుర్తించింది. బోధనను ఒక విశ్వవిద్యాలయానికి ప్రధాన ధర్మంగా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. పదిహేనేళ్లలో అనుబంధ వ్యవస్థ పోవాలంది. 1857 నుంచి మోస్తున్న భారం అది, పోతే మంచిదే.

కానీ అదే పత్రం 2040 నాటికి సంస్థలన్నీ బహుళ విషయ సంస్థలు కావాలంటుంది, ఒక్కొక్కదానిలో మూడు వేలు, అంతకు పైన విద్యార్థులు ఉండేలా లక్ష్యం పెట్టుకోవాలంటుంది. వ్యవసాయ, న్యాయ, వైద్య, సాంకేతిక విశ్వవిద్యాలయాలు కూడా విడిగా ఉండక ఆ దారి పట్టాలంటుంది. ఇక్కడ నేను గట్టిగా విభేదిస్తున్నాను. విద్యార్థికి అనేక విషయాలు అందాలన్న కోరిక సరైనదే. ప్రతి సంస్థా అన్ని విషయాలూ చెప్పాలన్నది మాత్రం వేరే కోరిక. మారుటేరు వరి క్షేత్రంలో పనిచేసే సంస్థకు వాణిజ్యశాస్త్ర విభాగం చేర్చితే ఏం వస్తుంది? వరి మీద పెట్టాల్సిన శ్రద్ధ, పోస్టులు, డబ్బు పలచబడతాయి.

చిన్న కళాశాలల సంగతి ఇంకా బాధపెడుతుంది. 2019-20 సర్వేలో దేశంలోని కళాశాలల్లో దాదాపు మూడింట రెండు వంతుల చోట్ల విద్యార్థులు అయిదు వందల లోపే. వాటిలో మూసేయాల్సినవి ఉన్నాయి, నాకు తెలుసు. పాడేరు, ఉట్నూరు, భద్రాచలం లాంటి చోట్ల ఉన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాలను కూడా అదే తక్కెడలో తూచకూడదు. కొండ మీది ఊరి నుంచి బస్సు దిగి వచ్చే అమ్మాయికి ఆ కళాశాల ఒక్కటే కళాశాల. సంఖ్య చాలలేదని దాన్ని మైదానంలోని పెద్ద కళాశాలలో కలిపేస్తే ఆమె అంత దూరం రాదు, ఇంట్లోనే ఉండిపోతుంది. కర్నూలు సిల్వర్ జూబిలీ కళాశాల 1972లో మూడు ప్రాంతాల విద్యార్థులను ఒక్కచోట ఉంచి చదివించాలని పెట్టినది. ఇప్పుడది క్లస్టర్ విశ్వవిద్యాలయంలో ఒక భాగం. ఆ మొదటి ఉద్దేశాన్ని కొత్త సంస్థ ఎంతవరకు తన మీద వేసుకుందో అక్కడి పెద్దలు పరిశీలించాలని నా మనవి.

కొలతల గురించి ఒక్క మాట. 2016 నుంచి జాతీయ ర్యాంకులు ఇస్తున్నారు. ఈ మధ్య సార్వత్రిక విశ్వవిద్యాలయాలకు, నైపుణ్య విశ్వవిద్యాలయాలకు, రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు విడివిడి పట్టికలు పెట్టారు. రకాలను గుర్తించే దిశలో అది నిజమైన అడుగు. అయినా ప్రధాన పట్టికల్లో ఎవరికి అందుబాటులో ఉంది, ఎవరిని చేర్చుకుంది అన్న అంశానికి దక్కేది నూటికి పది పాళ్లే. గురుకుల డిగ్రీ కళాశాలకు ఆ పదే ప్రాణం. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి రైతు పొలం ప్రాణం. ప్రతి సంస్థా తన స్థాపన చట్టంలో ఎవరి కోసం పుట్టిందని రాసుకుందో, ముందు ఆ లెక్క చెప్పాలి. ఈ ఏడాది అలాంటివాళ్లు ఎంతమంది వచ్చారు, ఎంతమంది పూర్తిచేశారు, మధ్యలో వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారు. మిగతా కొలతలు ఆ తరవాత.

7

చివరి అంశానికి వస్తున్నాను. రకాలు వేరుగా ఉండాలంటే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. పేదవాళ్లకు ఒక రకం, ఉన్నవాళ్లకు ఒక రకం అయిపోదా? ఆదివారం తరగతి వాళ్లు ఎప్పటికీ ఆదివారం తరగతిలోనే ఉండాలా?

ఇది తప్పించుకోదగ్గ ప్రశ్న కాదు. జవాబు నాకు కాలిఫోర్నియాలో కనబడింది. 1960లో అక్కడ క్లార్క్ కెర్ చొరవతో ఒక మాస్టర్ ప్లాన్ చేశారు. బడి ముగించినవాళ్లలో పైనున్న ఎనిమిదో వంతు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి, పైనున్న మూడో వంతు స్టేట్ కళాశాలలకు అర్హులు, కమ్యూనిటీ కళాశాలలు అందరికీ. ఇంతవరకే ఉంటే అది వర్ణవ్యవస్థే. కానీ కమ్యూనిటీ కళాశాలలో రెండేళ్లు బాగా చదివినవాళ్లు మూడో ఏడు విశ్వవిద్యాలయంలో చేరే దారి కూడా ఆ ప్రణాళికలోనే పెట్టారు. కూపర్టినో డి ఆంజా కళాశాల నుంచి బర్క్‌లీకి వెళ్లినవాళ్లు మన తెలుగు కుటుంబాల్లోనూ ఉన్నారు, అక్కడ బంధువులున్నవాళ్లు అడిగి చూడండి. ఆ ప్లాన్‌లో లోపాలు లేకపోలేదు. అయితే రకాలను కాపాడి, వాటి మధ్య గోడలకు తలుపులు పెట్టాలన్న దాని మూలసూత్రం గట్టిది.

అలాంటి తలుపులు మన దగ్గర లేవనుకోకండి. పాలిటెక్నిక్ డిప్లొమా చేసిన పిల్లలు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరుతున్నారు. పదో తరగతి తరవాత వ్యవసాయ పాలిటెక్నిక్ చదివిన రైతు బిడ్డలు అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరుతున్నారు. ఎవరో ఒకరు కూర్చుని సీట్లు కేటాయించి, నిబంధన రాసి, పరీక్ష పెట్టారు కాబట్టి ఆ తలుపులు ఉన్నాయి. ఇంజనీరింగ్‌కూ వ్యవసాయానికీ చేయగలిగింది మిగతా చదువులకు ఎందుకు చేయలేదు? 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు జమ అవుతాయి. జమ అయిన క్రెడిట్లను ఒప్పుకుని సీటు ఇచ్చే కళాశాల ఉంటేనే అవి చెల్లుతాయి.

ఉన్నత విద్యా మండళ్ల నుంచి వచ్చిన పెద్దలు ఈ సభలో ఉన్నారు గనుక నేరుగా అడుగుతాను. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో రెండేళ్లు పూర్తిచేసిన విద్యార్థి మూడో ఏడు తన ఊరి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో కూర్చుని చదవడానికి, గురుకుల డిగ్రీ కళాశాల అమ్మాయి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీజీకి పోటీపడే ముందు ఆరు నెలలు సన్నద్ధమవడానికి, పాడేరు విద్యార్థి ఒక సెమిస్టరు విశాఖలో ఉండి ప్రయోగశాలలో పనిచేసి తిరిగి పాడేరులోనే పట్టా తీసుకోవడానికి సీట్లు కావాలి, హాస్టల్ గదులు కావాలి, వాటికి ఉత్తర్వు కావాలి. మొదటి ఏడాది ప్రతి జిల్లాలో ఒక్క కళాశాలతో మొదలుపెట్టండి. ఎన్ని సీట్లో వచ్చే ప్రవేశాల నోటిఫికేషన్‌లోనే అచ్చువేయండి. ఆదివారం తరగతులకు వచ్చేవాళ్లు దాన్ని తెలుగులో చదువుకోగలగాలి.